పొద్దంతా ఆగే ఓడ

చెన్నై,
అక్టోబరు

అప్పడాల పిండి మొదలుకొని అల్లుళ్ళ గుణగణాల దాకా సమస్త విషయాల్లో తుదితీర్పు ఇవ్వగల ఉస్లాపూర్ సంస్థానాధీశ్వరి, మా పెద్దమ్మ ఉషారాణి గారి సముఖానికి, ఆవిడ మరిది కూతురు ప్రత్యూష నడుం పట్టేసేంతగా వంగి చేసుకునే విన్నపం.

ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటంటావా? కిందటివారం నేను ఫోన్లో చెప్పినదంతా మీ వీధి వీధంతా విన్నదట, నువ్వు తప్ప. చెవికి మిషను పెట్టుకోమంటే "అది ముసిలోళ్ళకి" అంటావు. అరవై దాటిన పడుచువి, నీ మాట కాదనలేను. పైగా రైల్వే కాలనీలో హిందీ బడి నుంచి వచ్చిన నన్ను రోజూ సాయంత్రం కూర్చోబెట్టి అఆలు దిద్దించింది నువ్వే. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. చదువుకో.

అసలు సంగతి. నేనిక్కడ క్రూజు ఓడల కంపెనీలో టికెట్ల డెస్కు మీద కూర్చుంటున్నానని నీకు తెలుసు. క్రూజు అంటే, ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేనివాళ్ళని ఎక్కించుకుని, అన్నం పెట్టి, సముద్రం చూపించి, ఎక్కినచోటే దింపేసే ఓడ. మా కంపెనీ ఏడాదికోసారి ఒక్కో ఉద్యోగి బంధువుల్లో ఇద్దర్ని ఊరికే తిప్పుతుంది. ఓడ పాసు అనుకో. తరతరాలుగా రైల్వే పాసుల మీద బతికిన మన వంశంలో ఓడ పాసు సంపాదించిన మొట్టమొదటి మనిషిని నేనే. గోడకి నా ఫొటో తగిలించవచ్చు. దండ మాత్రం వెయ్యకు, బతికే ఉన్నాను.

నాన్నకిద్దామంటే ఆయనకి బకెట్లో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతాయి. అమ్మ ఆయన్ని వదిలి రాదు. కాబట్టి ఈ మహాభాగ్యం నీకూ, పెదనాన్నకీ. ఆయన గార్డుగా రిటైరైన దగ్గర్నుంచి సాయంత్రమయ్యేసరికి ఉస్లాపూర్ స్టేషన్‌కి వెళ్ళి, కట్నీ లైను బళ్ళు ఎంతెంత లేటో చూసి తృప్తిగా ఇంటికి రావడం తప్ప వేరే విహారం ఎరగరు. నువ్వు పక్కనున్న మంగ్లా దాటితే విదేశం అనుకుంటావు. ఒకసారి గాలి మార్చుకోండి.

ఫిబ్రవరిలో ఓడ. చెన్నైలో ఎక్కాలి. విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఆగి, మళ్ళీ చెన్నై వస్తుంది. "వద్దు" అని రాసే ముందు ఒక్కసారి "ఊఁ" అని లోపల అనుకుని చూడు. బాగుంటుంది.

నీ ఆజ్ఞల్లో ఒక్కటీ పాటించని
ప్రత్యూష


బిలాస్‌పూర్ (ఉస్లాపూర్),
నవంబరు

అధికప్రసంగి ప్రత్యూషకి పెద్దమ్మ ఆశీర్వదించి, చెవి మెలిపెట్టి రాయునది.

ఓడా వద్దు, గీడా వద్దు, ఆ పాసేదో నీ పెళ్ళయ్యాక మీ అత్తమామలకివ్వు అని రాసి, కవరు కూడా అంటించేశాను. మీ పెదనాన్న నీ ఉత్తరం రెండోసారి చదువుకుంటూ, "ఇదిగో, ఇది విశాఖలో ఆగుతాదట, చూశావేటి?" అన్నారు. నేను అంతదాకా చదవలేదు. నీ ఫొటో, దండ కబుర్ల దగ్గరే విసుగొచ్చి ఆపేశాను. మళ్ళీ తీసుకుని చదివాను. అంటించిన కవరు చింపేశాను.

వస్తాం.

అప్పుడే గంతులెయ్యకు. మొదటి సంగతి, విశాఖలో ఓడ ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది? హాల్టు ఎంతసేపు? ఇది తప్పకుండా కనుక్కుని రాయి. తర్వాత, రెండూ లోయర్ బెర్తులే కావాలి. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. మీ పెదనాన్న పైకెక్కితే దింపడానికి లోకో షెడ్డు నుంచి క్రేను తెప్పించాలి.

పక్కింటి శంకరరావుగారు టీటీగా చేసి రిటైరైన మనిషి. ఎప్పుడూ ఓడెక్కలేదు గానీ ఓడల మీద ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. నీళ్ళ మీద దొంగతనాలెక్కువట, పెట్టెకి గొలుసూ తాళం ఉండాలన్నారు. వాంతులకి నిమ్మకాయలు. పరుపుచుట్ట ఎలాగూ తెస్తాం. చిన్న కరెంటు స్టవ్వుంది, అన్నం వండేసుకుంటే వాళ్ళ తిండి కోసం కాచుకోనక్కర్లేదు. మొదటి పూటకి పులిహోర కట్టేస్తాను. మీ పెదనాన్న ట్రంకులోంచి తెల్ల యూనిఫాం తీసి ఇస్త్రీకిచ్చారు. "కెప్టెన్ ఎదురుపడితే లుంగీలో ఎలా నిలబడతాను?" అంటున్నారు. అడిగేవాళ్ళు లేక.

చెన్నైకి నాగపూర్ మీదుగా వచ్చే బండికి రిజర్వేషన్ చేయిస్తున్నాం. విశాఖ మీదుగా వద్దని నేనే అన్నాను. ఎందుకని అడక్కు.

పెద్దమ్మ


చెన్నై,
నవంబరు

ఓడకి ప్లాట్‌ఫారం నంబరు అడిగిన ప్రపంచపు తొలి మహిళకి, ప్రత్యూష సాష్టాంగపడి లేవకుండానే రాస్తున్నది.

పెద్దమ్మా, నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. ఒక్కదాన్నే నవ్వితే పాపమని, తమిళంలోకి తర్జుమా చేసి ఆఫీసంతటికీ చదివి వినిపించాను. గొలుసూ తాళం దగ్గర మా మేనేజరుకి పొలమారింది. ఇప్పుడు నువ్విక్కడ చాలా ప్రసిద్ధురాలివి.

ఇక హితబోధ. నీ ఆశలు అదుపులో పెట్టడం నా ఉద్యోగ ధర్మం.

బెర్తులు లేవు. గది, మంచం ఉంటాయి. పైవాడి కాలు నీ మొహం మీద వేలాడదు. కానీ పాసు గదికి కిటికీ కూడా ఉండదు. తలుపేస్తే పగలో రాత్రో దేవుడికే తెలియాలి. "సముద్రం మీదికొచ్చి సముద్రం కనపడని గదిలో పడుకోవడమేటి?" అని పెదనాన్న అడుగుతారు. పైకెక్కితే కావలసినంత సముద్రం ఉందని చెప్పు. మొదట్లో అద్భుతంగా ఉంటుంది. కాసేపయ్యాక నీళ్ళలా ఉంటుంది. ఇంకాసేపయ్యాక, రైల్లో చాంపా దాటాక పొలాలు చూసినట్టు, చూస్తూ చూస్తూ కునుకు పడుతుంది. అది సముద్రం తప్పు కాదు.

కాగితం మీద ఈతకొలను బొమ్మ చూసి చెరువనుకోకు. మీ పెరట్లో సిమెంటు తొట్టికి అన్నగారు, అంతే. సాయంత్రం గదిలోకి వచ్చేసరికి మంచం మీద తువ్వాలుతో ఏనుగునో హంసనో చేసి పెడతారు. కెవ్వుమనకు, దండం పెట్టకు. విప్పి ఒళ్ళు తుడుచుకో. తిండి పొద్దున్నుంచి పడుకోబోయే దాకా పెడుతూనే ఉంటారు, కనక స్టవ్వు తేవద్దు. తెస్తే గేటు దగ్గరే లాక్కుంటారు. ఇడ్లీ అని చీటీ రాసి ఉన్నదాన్ని మాత్రం ఇడ్లీ అని నమ్మి మనసు పారేసుకోకు. పరుపుచుట్ట, గొలుసు ఇంట్లో వదిలెయ్. నిమ్మకాయలు తెచ్చుకో. శంకరరావుగారి గౌరవం కూడా నిలబడాలి కదా.

పెదనాన్న తెల్ల యూనిఫాం తెచ్చారో, నా ఉద్యోగం పోతుంది. ఓడలో తెల్లబట్టలు అధికారులవి. జనం ఈయన దగ్గరకొచ్చి "సార్, తుఫానొస్తుందా?" అని అడిగితే, ఈయన చెప్పేస్తారు కూడా.

కాబట్టి తక్కువ ఆశించు, ఎక్కువ తిను. ఇదే నా ఉపదేశం.

ఓడమాత సేవలో
ప్రత్యూష


బిలాస్‌పూర్,
డిసెంబరు

ప్రత్యూషకి,

మీ ఆఫీసువాళ్ళు నవ్వుకున్నందుకు సంతోషం.

ప్లాట్‌ఫారం ఎందుకడిగానో రాస్తున్నాను. ఇది కూడా చదివి వినిపించాలనుకుంటే వినిపించు.

బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగినదానివి, మన పద్ధతి నీకు తెలుసు. మనవాళ్ళెవరైనా ఈ స్టేషన్ మీదుగా పోతున్నారని తెలిస్తే క్యారేజీ కట్టుకుని వెళ్ళి అందిస్తాం. మాటలున్నా లేకపోయినా. ఆ దారిన పోయేవాళ్ళు ఫలానా బండిలో పోతున్నామని కబురు పెట్టడం, ఉన్న ఊరివాళ్ళు వచ్చి నిలబడటం. రైలువాళ్ళ ఇళ్ళల్లో ఇది మానేసినవాళ్ళు లేరు.

విశాఖలో మా చెల్లెలు నీలవేణి ఉంది. ఫలానా రోజు ఓడలో ఆ దారిన పోతున్నానని కార్డు రాసి పడేశాను. రమ్మనలేదు. పోతున్నానని రాశాను, అంతే. వస్తే అది ఎక్కడ నిలబడాలో చెప్పాలి కదా. అందుకని ప్లాట్‌ఫారం. ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. బిలాస్‌పూర్‌లో ఇంజను మార్చినంతసేపు చాలు.

కార్డుకి జవాబు రాలేదు. దానికి రాసే అలవాటు లేదులే.

ఉషారాణి


చెన్నై,
డిసెంబరు

ఆగ్రహించిన అమ్మవారికి, గుంజీలు తీస్తూ ప్రత్యూష.

"ఉషారాణి" అని సంతకం పెట్టావేమిటి పెద్దమ్మా? గుండె ఆగిపోయింది. నేనేమైనా బ్యాంకునా?

రేవు సంగతి కనుక్కున్నాను. రేవు లోపలికి ప్రయాణికులు తప్ప ఈగ కూడా రాదు. గేటు దగ్గర తుపాకులు పట్టుకుని నిలబడి ఉంటారు, క్యారేజీ మూతతీసి సాంబారు వాసన చూపించినా కరగరు. కాబట్టి మీ చెల్లెలు గేటు బయటే నిలబడాలి, నువ్వే నడిచి వెళ్ళాలి.

దిగులుపడకు, అసలు శుభవార్త ఇప్పుడు చెబుతున్నాను. మన ఓడ ఇంజను మార్చుకుని పారిపోయే రకం కాదు. పొద్దున్నే వచ్చి ఆగుతుంది, సాయంత్రానికి గానీ కదలదు. పొద్దంతా నీదే! చెల్లెలి ఇంటికెళ్ళి, భోంచేసి, ఒక కునుకు తీసి, టీ తాగి, ఊళ్ళో అందరి మీదా చాడీలు చెప్పుకుని తీరుబడిగా రావచ్చు. ఏ రైలైనా ఇంత ఉపకారం చేసిందా?

అయినా నీకొక చెల్లెలుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం? ఆవిడా నీలాగే ఉంటుందా, లేక సౌమ్యురాలా?

ప్రత్యూష


బిలాస్‌పూర్,
జనవరి

చి. ప్రత్యూషకి,

ఓడ ప్రయాణం మానుకున్నాం. మోకాళ్ళు బొత్తిగా బాగోలేదు. పాసు ఇంకెవరికైనా ఇచ్చెయ్. వృథా చెయ్యకు.

పెద్దమ్మ


చెన్నై,
జనవరి

పెద్దమ్మా,

నీ మోకాళ్ళ గురించి పెదనాన్నకి ఫోన్ చేశాను. "మోకాలూ లేదు, ఏటీ లేదే. నిన్ననే బుధవారీ బజారంతా తిరిగి, నన్నూ తిప్పింది. నీ ఉత్తరం చదివిన కాణ్ణుంచి ఇలాగే ఉంది. బియ్యం ఏరుకుంటూ 'పొద్దంతానా, పొద్దంతానా' అని తనలో తనే అనుకుంటోంది. నేనడిగితే 'నీకేటి తెలుసు' అంటోంది" అన్నారు.

సాధారణంగా హాల్టు చాలకపోతే జనం ఏడుస్తారు. ఎక్కువైందని ప్రయాణం మానుకున్న మనిషిని నిన్నే చూస్తున్నాను. ఏమైంది?

ప్రత్యూష


బిలాస్‌పూర్,
జనవరి

ప్రత్యూషా,

పొద్దంతా దాంతో ఏటి మాట్లాడతానే నేను?

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీలవేణి కొడుకు పెళ్ళికి విశాఖ వెళ్ళాం. నువ్వప్పటికి పలక పట్టలేదు. ఇక్కణ్ణుంచి సగం బోగీ మనవాళ్ళమే. పంక్తిలో కూర్చున్నాం, అన్నం కలిపాను. నీలవేణి అటునుంచి వస్తూ వడ్డించేవాళ్ళతో గట్టిగా, "మా అప్పోళ్ళు హిందీవోళ్ళర్రా, ఆళ్ళకి మన అన్నం ఎక్కదు, రొట్టెలు కాల్చి ఎయ్యండి" అంది. పంక్తంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ముద్ద మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

చిన్నమాటే. నాకూ తెలుసు. కానీ ఇక్కడ కూరలవాడు ఇన్నేళ్ళయినా నన్ను "మద్రాసీ అమ్మా" అనే పిలుస్తాడు. పోనీలే, పరాయి ఊరు అనుకుంటాను. సొంత ఊరికి పోతే అక్కడ హిందీదాన్ని. ఇంకెవరైనా అంటే వదిలేసేదాన్ని. నాతో ఒకే కంచంలో తిన్నది అంది. విశాఖ స్టేషన్‌లో మళ్ళీ కాలు పెట్టనని ఆ రోజే ఒట్టేసుకున్నాను. పెట్టలేదు.

తర్వాత దాని కూతురికి కోర్బా సంబంధం కుదిరింది. కోర్బా పోవాలంటే బిలాస్‌పూర్ తగలాలి కదా. వచ్చినప్పుడల్లా ఎవరిచేతనో కబురు పెట్టేది. నేను క్యారేజీ కట్టుకుని వెళ్ళేదాన్ని. ఏసీ బోగీలకి కిటికీలు తెరుచుకోవు, తలుపు దగ్గర నిలబడేది. "నీళ్ళున్నాయేటి?" "ఉన్నాయి." "పప్పు కింద గిన్నెలో ఉంది, ఒలికిపోద్ది." "కిందటిసారి గిన్నెలు ఇవిగో." అంతలో గార్డు ఈల. బండి కదిలేది. ఏళ్ళ తరబడి అంతే మాట్లాడుకున్నాం. అల్లుడికి ఒడిశా బదిలీ అయ్యాక అదీ లేదు. దాని ముఖం చూసి చాలా కాలమైంది.

స్టేషన్‌లో కాలు పెట్టనన్నాను గానీ, రేవు గురించి ఏమీ అనలేదు కదా. ఒట్టు చెడకుండా ఒక్కసారి చూసి రావచ్చనుకున్నాను. ఈల ఉంటే ఏ బాధా లేదే. ఈల లేకపోతే మొదట అడగాల్సింది అదే. "ఎందుకన్నావే ఆ మాట?" అని. అడిగితే అది నా ముఖం చూసి "ఏ మాట?" అంటే? ఇన్నేళ్ళు నేను మోసినది దానికి గుర్తే లేకపోతే, అప్పుడు నేనేం చెయ్యాలి? అది విని ఓడెక్కి, ఆ కిటికీ లేని గదిలో కూర్చోవాలా?

అందుకే వద్దన్నాను.

పెద్దమ్మ


చెన్నై,
జనవరి

ప్రియమైన పెద్దమ్మకి,

నీ ప్రశ్నలు ఆఫీసులో చదివి వినిపించి నవ్వించాను కదా. అదీ పంక్తే. నన్ను క్షమించు.

నీలవేణి పిన్ని మనసులో ఏముందో నాకు తెలీదు. కానీ నోరు జారే జాతి గురించి నాకు తెలుసు, నేనూ ఆ జాతిదాన్నే. అందుకని ఓడ గురించి చెప్పినట్టే దీని గురించీ ఉన్నదున్నట్టు చెబుతాను.

గేటు బయట ఎవరూ లేకపోవచ్చు. లేకపోతే ఆటో ఎక్కి సముద్రపు ఒడ్డుకెళ్ళి, మొక్కజొన్న పొత్తు తిని వచ్చెయ్. ఉంటే, సినిమాల్లోలా కౌగలించుకోవడాలుంటాయని ఆశపడకు. మోకాళ్ళ గురించి, షుగరు గురించి, చింతపండు ధర గురించి మాట్లాడుకుంటారు. అదే చాలాసేపు జరుగుతుంది. విసుగొస్తుంది. అది కూడా ప్రయాణంలో భాగమే.

ఆ మాట అడిగితే "ఏ మాట?" అనే అంటుంది పెద్దమ్మా. నూటికి తొంభైపాళ్ళు అంటుంది. మా బోటి వాగుడుకాయలు రోజుకి ఎన్నో అంటాం, అన్నది మాకు గుర్తుండదు. పడ్డవాళ్ళకే గుర్తుంటుంది. గుర్తులేదంటే నిన్ను లెక్కచెయ్యలేదని కాదు. ఎవరూ ఇంతవరకూ ఆవిడకి చెప్పలేదని. నువ్వు నవ్వావు కూడా కదా. ఆవిడకెలా తెలుస్తుంది?

రమ్మని బలవంతపెట్టను. పాసు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ప్రేమతో
ప్రత్యూష


బిలాస్‌పూర్,
ఫిబ్రవరి

ఒసే గుంటా,

నీ ఉత్తరం చూసి హడలిపోయి మీ పెదనాన్నని కేకేశాను. "దీనికేటో ఒంట్లో బాగోలేదండీ, 'ప్రియమైన' అని రాసింది, 'ప్రేమతో' అని కూడా రాసింది" అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "టైఫాయిడ్ అయి ఉంటాది" అన్నారు. ఇంకోసారి ఇలాంటివి రాయకు. మంచిగా రాస్తే నాకు మనిషి పోయినట్టుంటుంది.

నువ్వు ఆఫీసులో చదివావని తెలిసిన రోజు ఒళ్ళు మండింది, నిజమే. కానీ చదివానని నువ్వే నాకు రాశావు. నువ్వు చేసే ఎగతాళి నాకే చెబుతావు. నీలవేణి పంక్తికి చెప్పింది. తేడా అదే. నువ్వు మానకు.

పరుపుచుట్ట తేవడం లేదు. స్టవ్వూ తేవడం లేదు. తెల్ల యూనిఫాం పెట్టెలోంచి నేను తీస్తున్నాను, ఆయన మళ్ళీ పెడుతున్నారు. చివరికి ఎవరు గెలుస్తారో చెన్నైలో చూడు.

మా బండి లేటైతే ఓడ ఆపమని మీ మేనేజరుకి చెప్పు. పొలమారిన మనిషే కదా.

పెద్దమ్మ


చెన్నై,
ఫిబ్రవరి

విశాఖపట్నంలో తప్పిపోయిన ప్రయాణికురాలు శ్రీమతి ఉషారాణి గారికి, నీలవేణి గారి ఇంటి చిరునామాకు, క్రూజు కంపెనీ తరఫున కన్నీళ్ళతో రాయునది.

అమ్మా! తమరు పొద్దున "ఇప్పుడే వచ్చేస్తాను" అని భర్తగారితో చెప్పి ఓడ దిగి, సాయంత్రం ఎక్కలేదని మా రికార్డుల్లో నమోదైంది. మా డెస్కు ఇచ్చిన పాసు మీద ఓడ తప్పిపోయిన తొలి వ్యక్తి తమరే. ఇప్పుడు తమరిక్కడ మునుపటికన్నా ప్రసిద్ధులు. ఈసారి నేనేమీ చదివి వినిపించలేదు. ఓడవాళ్ళే చెప్పారు.

ఓడ కదలబోయే ముందు సిబ్బంది కంగారుపడి పెదనాన్న దగ్గరకొచ్చి, కాసేపు ఆపమని అడుగుదామా అన్నారట. ఆయన (అవును, ఆ తెల్లకోటులోనే) లేచి నిలబడి, "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవడి పెళ్ళాం కోసమూ బండి ఆపలేదు బాబూ. ఇప్పుడు నా పెళ్ళాం కోసం ఆపమంటే ధర్మం కాదు. కదిలించండి" అన్నారట. తర్వాత నీ భోజనం కూడా ఆయనే తిని, తువ్వాలు హంసని విప్పడానికి మనసొప్పక కుర్చీ మీద పెట్టి పడుకున్నారట. ప్రస్తుతం నా గదిలో ఉన్నారు. రైలెక్కి విశాఖ వస్తారు. నీ చీరలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

ఫోన్ చేస్తే పిన్ని ఎత్తి, "పనిమీదున్నామమ్మా" అని పెట్టేసింది. వెనకనుంచి నీ గొంతు వినిపించింది. అది ఏడుపో, అరుపో, నవ్వో నాకు తెలీలేదు.

ఎగతాళి కాదు పెద్దమ్మా. నువ్వు బాగున్నావా?

ప్రత్యూష


విశాఖపట్నం,
ఫిబ్రవరి

ప్రత్యూషకి పెద్దమ్మ రాయునది.

చెల్లెలి చీర కట్టుకుని, చెల్లెలి కలంతో రాస్తున్నాను. బాగానే ఉన్నాను.

గేటు బయటికొచ్చేసరికి టీకొట్టు పక్కన నిలబడి ఉంది. జుట్టు బాగా నెరిసింది. చేతిలో క్యారేజీ. నన్ను చూడగానే గబగబా వచ్చి అందించింది. నేను అందుకున్నాను. "నీళ్ళున్నాయేటి?" అంది. "ఉన్నాయి" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం అలాగే నిలబడిపోయాం. ఈల లేదు. ఎవరూ కదలడం లేదు. ఆటోవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. కాసేపటికి అదే, "ఎండగా ఉంది, ఇంటికి పద అప్పా" అంది.

నువ్వు రాసినట్టే అయింది. మోకాళ్ళు అయ్యాయి, షుగరు అయింది, చింతపండు దాకా కూడా వచ్చాం. అది కట్టి తెచ్చిన క్యారేజీయే ఇంట్లో విప్పుకుని తిన్నాం. తర్వాత ఇద్దరం నిద్రపోయినట్టు పడుకున్నాం. ఎవరూ నిద్రపోలేదు. టీ తాగాక ఆటో పిలిపించింది. గుమ్మంలో ఒక చెప్పు వేసుకున్నాను. రెండోది వేసుకుంటూ ఉంటే నోట్లోంచి వచ్చేసింది. "పెళ్ళిలో ఎందుకన్నావే ఆ మాట?"

"ఏ మాట?" అంది.

నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే కూలబడేదాన్ని. వేసుకున్న చెప్పు విడిచేసి లోపలికొచ్చి కూర్చున్నాను. మొత్తం చెప్పాను. పంక్తి, రొట్టెలు, చేతిలో ముద్ద, అక్కడి కూరలవాడు, ఒట్టు, అన్నీ. అది నోరు తెరుచుకుని విన్నది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. విన్నాక ఏమందో తెలుసా?

"అన్నాననుకో. నవ్వడానికే అన్నాను. నువ్వూ నవ్వావు కదేటి?"

"పంక్తిలో కూర్చుని నవ్వక ఏడవమన్నావా?"

"ఆ ఏడుపేదో నా దగ్గరకొచ్చి ఏడవొచ్చు కదా! నా జుట్టు పట్టుకోవొచ్చు కదా! మరి నువ్వు చేసిందేటి? కోర్బా పోయినప్పుడల్లా, బిలాస్‌పూర్ వస్తోందంటే సంచీ భుజానికేసుకుని తలుపు కాడ నిలబడేదాన్ని. 'దిగవే, రెండ్రోజులుండి పోదువుగాని' అంటావేమోనని. ఒక్కసారన్నావేటి? ఒక్కసారి? 'పప్పు ఒలికిపోద్ది' అనేదానివి!"

నాకు తెలీదే ప్రత్యూషా. క్యారేజీ అందుకోవడానికి వస్తోందనుకున్నాను. సంచీ చూశాను, దొంగల భయం అనుకున్నాను. "దిగుతానని నువ్వే అనొచ్చు కదా" అన్నాను. "పిలవని ఇంటికా?" అని లేచింది. "పిలిస్తేనే వస్తావేటి, సొంత అప్ప ఇంటికి?" అని నేనూ లేచాను. ఆటోవాడు లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయాడు.

ఓడ కూత ఇక్కడికి వినిపిస్తుంది. "అప్పా, నీ ఓడ" అంది. "పోతే పోనీ, నా మాటకి జవాబు చెప్పు" అన్నాను.

మీ పెదనాన్న చేసినది ధర్మమే అని చెప్పు. చీరలు తొందరగా తేనక్కర్లేదు, దీనివి నాకు సరిపోతున్నాయి. రవికెలే బిగుతు. మీ కంపెనీవాళ్ళకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఓడ మంచిదే. నేనున్నంతసేపు బాగానే ఉంది.

ఎప్పుడొస్తానని మాత్రం అడక్కు. మాకింకా పెళ్ళినాటి తగువే తెమల్లేదు. చిన్నప్పటివి మొదలే పెట్టలేదు.

పెద్దమ్మ